చేపగుర్తు సిరాబుడ్డి

మధ్యాహ్నభేరి పన్నెండో దెబ్బకు కంచరి సింగనను మొసళ్లకు వేస్తారు. ఆ మాట వజ్రకూట నగరంలో ప్రతి కూడలిలోనూ తప్పెట కొట్టి చాటారు.

సింగన ఏ నేరం చేశాడంటే, ఏమీ చెయ్యలేదు. ముందురోజు పొద్దున రాజు మణికంధరుడు కొలువులో ఒక శాసనం మీద సంతకం పెట్టబోయాడు. కానుకల పళ్లెంలో వచ్చిన పాతకాలపు ప్రయాణపు సిరాబుడ్డి ఒకటి ఎదురుగా ఉంటే, ముచ్చటపడి కలం అందులో ముంచాడు. ఆ పళ్లెంలో దాన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పేరులో మొదటి అక్షరం రాసేసరికి రాజు చూపుడువేలు నల్లబడింది. మూడో అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మోచేతిదాకా నల్లరాయి. కలం ఇంకా ఆ రాతివేళ్ల మధ్యే ఉంది. ఎంత లాగినా రాలేదు.

సిరాబుడ్డిని తిరగేస్తే అడుగున చేప గుర్తు కనిపించింది. వజ్రకూటం కంచర వీధిలో చేప గుర్తు వేసే ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో ఉన్నది అన్నాచెల్లెళ్లు ఇద్దరు. భటులు తలుపు విరగ్గొట్టినప్పుడు చెల్లెలు మాచమ తేనెమైనం కోసం కొండగూడేనికి పోయి ఉంది. అన్న దొరికాడు. దొరికాడు కాబట్టి దోషి అయ్యాడు. ఆ కోటలో విచారణ అంటే అంతే, అంతకంటే పొడుగుండదు.

మాచమ తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి దగ్గరపడుతోంది. వీధి మొగలో ఎవరో చెప్పిన మాట సగం విని, నెత్తిమీది మైనపు గంప కూడా దించకుండా కోటకేసి నడిచింది.

ఆ కోటను చూసిన పరదేశులు నోళ్లు వెళ్లబెట్టేవారు. ఏడు ప్రాకారాలు, ఏడు రంగుల రాళ్లు. మొదటి గోడ వానమబ్బులా నీలం. ఏడో గోడ మంకెనపువ్వులా ఎరుపు. గోపురాల మీద వెండిరేకులు ఎండకు సెలయేళ్లలా జారుతున్నట్టుంటాయి. బురుజు బురుజుకూ ఒక కంచుపులి. గాలి వీస్తే వాటి తెరిచిన నోళ్లలోంచి గుర్రుమని చప్పుడొచ్చి, ఆ చప్పుడు ఏడు గోడల మధ్య తిరిగి తిరిగి ఊరంతటినీ వణికిస్తుంది. ఆ పులుల్ని పోతపోసింది కంచర వీధి. పోసినవాళ్లను మాత్రం ఏనాడూ ఆ గోడలు దాటి లోపలికి రానివ్వలేదు. మొదటిసారి ఒకణ్ణి రానిచ్చారు, మెడకు తాడు వేసి.

ఆ రోజు గాలి లేదు. పులులు నోళ్లు తెరుచుకుని ఊరికే నిలబడ్డాయి. కోట మీదుగా ఒక్క కాకి కూడా ఎగరలేదు.

కందకం మీదికి చాపిన పలక చివర సింగన నిలబడి ఉన్నాడు. రెండు మణికట్లనూ కలిపి కట్టిన పొడుగాటి తాడు రెండో కొస తలారి చేతిలో ఉంది. చెల్లెల్ని చూడగానే సింగన అడిగిన మొదటి మాట, "మైనం దొరికిందా?"

"దొరికింది. నువ్వు నోరు మూసుకుని నిలబడు."

"నిలబడక కూర్చునే వీలెక్కడుంది మాచీ. కింద ఆ పెద్ద మొసలి నన్ను చూసి రెండుసార్లు ఆవులించింది. నిన్నట్నుంచి దానికి తిండి పెట్టలేదంట. ఈ తలారి మామ చెప్పాడు."

"మామా గీమా అనకయ్యా," అన్నాడు తలారి తల వంచుకుని. "రేపు నాకు ముద్ద దిగదు."

భేరి గోపురం మీద పొగ లేస్తోంది. కొట్టే ముందు భేరి చర్మాన్ని నిప్పుసెగకు బిగిస్తారు. బిగిసిందో లేదో చూడటానికి ఎవడో వేలితో తట్టాడు. ఆ చిన్న చప్పుడుకే కందకంలో నీళ్లు కదిలాయి.

మాచమ గంప దించి కొలువులోకి పోయింది. కావలివాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు. "చేప గుర్తు ఇంటి మనిషిని. మీరు నిన్నట్నుంచి వెతుకుతున్నది నన్నే. పక్కకు జరగండి," అంది. జరిగారు.

లోపల నూట ఎనిమిది స్తంభాలు. ప్రతి స్తంభానికీ పైనుంచి కిందిదాకా దంతపు లతలు, లతలకు కెంపుల పూలు. నడుమ సింహాసనం మీద రాజు తన చేతిని తానే చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమపక్క మంత్రి గజాంకుడు, పేరుకు తగ్గ ఒళ్లు. కుడిపక్క రాజవైద్యుడు ఆర్తబంధు. కోటకొచ్చి మూడు నెలలే అయినా దాసీల దగ్గర్నుంచి సేనాపతి దాకా అందరూ ఆయన్ని దేవుడంటారు. మెల్లగా మాట్లాడతాడు. మెడ నుంచి బొడ్డు దాకా ఎప్పుడూ దళసరిగా చందనం పూసుకుని ఉంటాడు.

"ఏమే, ఇది మీ ఇంటి గుర్తా, కాదా?" అన్నాడు మంత్రి.

"గుర్తు మాదే దొరా. బుడ్డి మాది కాదు."

"గుర్తు మీదైనప్పుడు బుడ్డి ఇంకొకరిది ఎట్లా అవుతుంది?"

"చేతికివ్వండి, చెప్తాను."

మంత్రి వెనకాడాడు. వైద్యుడే కలగజేసుకున్నాడు. "ఇవ్వండి మంత్రివర్యా. ముట్టుకుంటే ఏమీ కాదు, నేను నిన్ననే సిరా వంపేశాను. పాపం, అన్న ప్రాణం మీదికొచ్చి ఉంది. చూసుకోనివ్వండి."

పట్టుగుడ్డలో చుట్టిన వస్తువు మాచమ చేతికొచ్చింది. జానెడు పొడుగున్న ఇత్తడి కలాల ఒర. ఒక కొసన కోడిగుడ్డంత సిరాబుడ్డి అతికి ఉంది. బుడ్డికి బొడిపె మూత, ఒర వెనక నడుముకు దోపుకునే నాలుక, పైన చిన్న ఉంగరం. ఊళ్లు తిరిగే లేఖకుల వస్తువు. ఒంటినిండా పాములు ఒకదాని తోక ఇంకొకటి మింగుతున్నట్టు పనితనం. ఆ పాముల మీద ఎన్నో ఏళ్ల పచ్చటి చిలుము.

ఇక్కడ మాచమ ఒక తప్పు చేసింది. కంచర వీధిలో పుట్టినవాళ్లకు ఇత్తడి చేతికొస్తే ముందు తోముతారు, తర్వాత చూస్తారు. పాలు తాగినప్పటి నుంచి చేతులకు పట్టిన అలవాటు. దారిలో పులుసుకని కొంగున కట్టుకున్న చింతపండు ఎప్పుడు విప్పిందో, ఎప్పుడు ఉమ్మి తడిపిందో ఆమెకే తెలియదు. చేప తల, పొట్ట తళతళలాడేదాకా రుద్దింది. తోక దగ్గరికొచ్చాక చెయ్యి ఆగింది.

"దొరా, తోక చూడండి. బుడ్డి అడుగంతా చిలుము పట్టింది. తోక గీతల్లో మాత్రం చిలుము లేదు. బుడ్డి పాతది, గీత కొత్తది. ఈ చేప మొన్నో అటుమొన్నో పుట్టింది."

కొలువులో గుసగుసలు లేచాయి. మంత్రి వంగి చూశాడు. అప్పుడు వైద్యుడు చాలా జాలిగా అన్నాడు: "తల్లీ, తోమింది నువ్వే కదా. నీ చింతపండు పులుసు ఆ తోకలోకి కారలేదని ఎవరు చెప్పాలి?"

మాచమ చేతిలోని చేపకేసి చూసింది. నిజమే. చేపను తోమకుండా ఉన్నదున్నట్టు చూపించి ఉంటే గుడ్డివాడు కూడా ఒప్పుకునేవాడు. తన చేతులే అన్న గొంతు నొక్కాయి.

గోపురం మీద భేరి మొదటి దెబ్బ పడింది.

"అయిపోయిందా నీ చూడటం?" అన్నాడు మంత్రి.

"కాలేదు. వేలివ్వండి."

"ఏమిటి?"

"మీ వేలు దొరా. ఇటివ్వండి." ఎవరూ అడ్డం పడేలోపు ఆ లావుపాటి వేలు పట్టుకుని చేప వీపు మీద ఒక్క గీత లాగింది. మంత్రికి చురుక్కుమంది, వేలు వెనక్కి లాక్కున్నాడు. వేలి కొసన నెత్తురు.

"మా గుర్తు మేం ఇత్తడి మీద కొట్టం. మైనంలో సూదితో గీస్తాం. మైనం మెత్తన, గీత అంచులు గుండ్రంగా వస్తాయి. దాని మీద మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి పోయాక ఆ ఖాళీలో ఇత్తడి పోస్తాం. మైనంలో గుండ్రంగా ఉన్న అంచు ఇత్తడిలోనూ గుండ్రంగానే ఉంటుంది. మీ ఇంట్లో మేం చేసిన చెంబులుంటాయి, పోయి తడుముకోండి, ఒక్కటి కూడా వేలు కొయ్యదు. ఇది ఉలితో కొట్టిన గీత. ఎవడో పాత బుడ్డి మీద మా చేప చెక్కాడు."

రెండో దెబ్బ. మూడో దెబ్బ.

వేలు కోసుకున్నవాడికి ఇక వాదన అక్కర్లేదు. గజాంకుడు వేలు నోట్లో పెట్టుకుని, "అయితే ఎక్కడిది?" అన్నాడు.

మాచమ కొప్పులోంచి సూది తీసి మూత తెరిచింది. "బుడ్డి లోపల గుల్లగా రావాలంటే నడుమ మట్టిముద్ద పెట్టి దాని చుట్టూ మైనం పూస్తాం. పోతయ్యాక ఆ మట్టి గీకేస్తాం. ఎంత పనిమంతుడు గీకినా మూలల్లో చిటికెడు మిగులుతుంది." మెడ ఒంపులో సూది గుచ్చి తిప్పింది. నల్లటి సిరా పెచ్చు ఊడింది. దాని వెనక నుంచి గోరంత మట్టి అరచేతిలో రాలింది.

వజ్రకూటం కంచర వీధిలో వాడే మట్టి నల్లది, చెరువు మట్టి. ఇది ఎర్రది. ఎండలో పెడితే అభ్రకం చుక్కలు మెరిశాయి. అందరూ చూస్తుండగా నాలిక మీద వేసుకుంది.

"ఉప్పగా ఉంది," అంది. ఐదో దెబ్బ పడింది. "ఎరుపు, అభ్రకం, ఉప్పు. మూడూ ఒక్క చోటే ఉంటాయి. మూగలోయ."

ఆ పేరు వినగానే స్తంభాల చాటున ఉన్న దాసీలు చెవులు మూసుకున్నారు. ఉత్తరాన సవుటి కొండల వెనక ఉన్న ఆ లోయలోకి పోయిన మనిషి తిరిగి రాలేదు. పన్నెండేళ్ల కిందట కాలవంక రాజ్యంలో కంచర వీధి మొత్తం, పసిపిల్లలతో సహా, ఒక్క పూటలో మాయమైంది. వాళ్ల బండిజాడలు ఆ లోయ ముఖం దాకా పోయి ఆగాయి. లోయ మీద నిలబడితే వాగు పారుతున్నట్టు కనిపిస్తుందట, చప్పుడు మాత్రం ఉండదట.

"నీకెట్లా తెలుసు ఆ మట్టి?" అన్నాడు వైద్యుడు. ఈసారి గొంతులో జాలి లేదు. ఆకలి ఉంది.

"మా తాత పద్దెనిమిది రాజ్యాల్లో చిల్లుపడ్డ పాత్రలకు మాట్లు వేశాడు. ఏ వీధి ఏ గుర్తు వేస్తుందో, ఏ మట్టి వాడుతుందో, నాకు అన్నం కలిపి పెట్టినట్టు పెట్టాడు. ఏ గుర్తయినా కళ్లు మూసుకుని గీస్తాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఏడో దెబ్బ పడుతుంటే ఎవరు ఏమంటున్నారో, ఎందుకంటున్నారో ఆలోచించే తీరిక ఎక్కడిది?

"తెచ్చినవాడు ఇక్కడే ఉన్నాడు," అంది మాచమ. "ఒర వెనక నాలుక చూడండి, పోత పోసిన రోజు ఉన్నట్టే ఉంది, అరగలేదు. అంటే దీన్ని నడుముకు దోపలేదు. ఈ ఉంగరం చూడండి, తాడు ఒరుసుకుని సగానికి సగం అరిగింది. మెడలో వేలాడేసుకున్నాడు, బట్టల కింద, ఒంటికి ఆనించి. ఇత్తడి చెమటకు తగిలితే ఒంటి మీద పచ్చమచ్చ పడుతుంది. తోమినా పోదు. అందర్నీ గుండెలు చూపించమనండి. మా అన్నవి ముందు చూడండి, మచ్చ ఉంటే తోసెయ్యండి."

రాజు మొదటిసారి తలెత్తాడు. "విప్పండి," అన్నాడు.

ఉత్తరీయాలు జారాయి. మంత్రి విప్పాడు, లేఖకులు విప్పారు, సేనాపతి కవచం విప్పాడు. ఎక్కడా మచ్చ లేదు. వైద్యుడొక్కడే కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయన విప్పడానికేముంది, ఒంటినిండా చందనమే.

"వైద్యులవారు కడుక్కోవాలి," అంది మాచమ.

తొమ్మిదో దెబ్బ.

వైద్యుడు నవ్వాడు. బొటనవేలితో తన చందనాన్ని తానే, గోడకు సున్నం గీకినట్టు, నింపాదిగా పక్కకు తోశాడు. గుండె నడుమ అరచేతి వెడల్పు పచ్చమచ్చ. ఒర మీది పాముల అచ్చు కూడా పడి ఉంది.

"గుర్తు, మట్టి, ఉంగరం," అన్నాడు. "ఒక్కటి కూడా తప్పలేదు. ఆర్తబంధు పేరుతో ఇక పని లేదు. నన్ను ధూమకంఠుడంటారు."

మూగలోయలో ఉంటాడని జనం చెప్పుకునే మాంత్రికుడి పేరు అది. భటులు ఈటెలెత్తేలోపు అతడు ఉత్తరీయం ఒక్కసారి విదిలించాడు. ఆ గుడ్డ రెండు నల్లరెక్కలై విచ్చుకుంది. చేతులు ముడుచుకుని గోళ్లయ్యాయి. మెడ సాగింది. మొహం మాత్రం మనిషి మొహంగానే ఉండిపోయింది. రెక్కల గాలికి కెంపుల పూలు స్తంభాల మీంచి రాలాయి. మేడ కిటికీ పగలగొట్టుకుని బయటికి దూసుకుపోయింది ఆ పక్షి.

పదకొండో దెబ్బ.

మాచమ పరుగెత్తింది. రాజు "ఆపండి, శిక్ష ఆపండి," అని అరుస్తున్నాడు. కొలువులో కేక గోపురం మీదికి చేరాలంటే ఏడు గుమ్మాలు దాటాలి. భేరి కొట్టేవాడు చెవుల్లో దూది పెట్టుకుని ఉంటాడు.

పన్నెండో దెబ్బ పడింది. తలారి కళ్లు మూసుకుని పలక తన్నాడు. సింగన కాళ్ల కింద చెక్క పోయింది. నీళ్లలోంచి మొసలి నోరు లేచింది. ఆ నోటికీ సింగన మడమలకూ నడుమ జానెడు ఉందనగా నల్లరెక్కలు అడ్డం దిగాయి. గోళ్లు సింగనను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తాయి. తాడు తలారి అరచేతులు కోసుకుంటూ జారిపోయింది.

ఆ తాడు కోటగోడ అంచు మీదుగా పాములా పాకుతుంటే మాచమ చూసింది. రెండంగల్లో గోడ ఎక్కి దూకింది. కొస దొరికింది. మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. వజ్రకూటం కాళ్ల కిందికి జారి, చిన్నదై, ఏడు రంగుల గవ్వలా కనిపించి, మాయమైంది.

"మాచీ," అన్నాడు పైనుంచి సింగన. "వదిలెయ్. కింద ఏరుంది. ఈతొచ్చుగా నీకు."

"నీకూ వచ్చుగా. నువ్వూ దూకు."

"నన్ను పట్టుకున్నవాడు వదలట్లేదు."

"నేనూ వదలట్లేదు."

"నా భుజాలు ఊడొస్తున్నాయే."

"ఊడితే మాటు వేస్తాను. మాట్లాడకు, గాలి పోతుంది."

పక్షి మొహం వంచి ఇద్దర్నీ చూసింది. పైకి లేవగలిగి కూడా లేవకుండా, తాడు విదిలించగలిగి కూడా విదిలించకుండా, ఒకే ఎత్తున నెమ్మదిగా ఎగురుతోంది. ఆ నెమ్మదే మాచమకు నచ్చలేదు.

సవుటి కొండలు దాటగానే చెవులు మూసుకుపోయినట్టయింది. గాలి వీస్తోంది, చప్పుడు లేదు. కింద లోయ తెరుచుకుంది. నేలంతా కోసిన పుచ్చకాయలా ఎర్రగా ఉంది. అభ్రకం మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. ఆ ఎరుపు నడుమ వరసలు వరసలుగా కొలిములు. ఒక్కొక్క కొలిమి దగ్గర పదిమంది. తిత్తులు ఊదేవాళ్లు, మట్టి తొక్కేవాళ్లు, మైనం చుట్టేవాళ్లు. ఇన్ని వందలమంది పనిచేస్తుంటే ఒక్క దగ్గు కూడా వినపడలేదు. కొలిముల వెనక అరుగుల మీద ఆరబెట్టి ఉన్నాయి సిరాబుడ్డులు. పాముల ఒరలు, బొడిపె మూతలు, చిన్న ఉంగరాలు. పది కాదు, నూరు కాదు. కంటికి ఆనినంత మేర అవే. ఒక్కదాని మీదా గుర్తు లేదు.

పక్షి గోళ్లు విప్పింది. అన్నాచెల్లెళ్లు మట్టి నానబెట్టిన గుంటలో నడుంలోతున కూరుకుపోయారు.

లేచి కళ్లు తుడుచుకునేసరికి గట్టు మీద ధూమకంఠుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. అతని పక్కన రెండు కొత్త పీటలు. వెనక ఇద్దరు కావలివాళ్లు, మొహాలకు ఇత్తడి తొడుగులు.

"రండి. పీటలు ఇప్పుడే వేయించాను, మీ ఇద్దరికీ."

"నీకు నేను కావలసి ఉంటే మా ఇంటికే రాకపోయావా," అంది మాచమ.

"నువ్వేనని తెలియాలిగా. పద్దెనిమిది రాజ్యాల గుర్తులు తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారని విన్నాను. ఎవరో, ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. అందుకని నాలుగు నగరాల కోటల్లో నాలుగు బుడ్డులు పెట్టాను, నాలుగు వీధుల గుర్తులు ఉలితో చెక్కి. మూడుచోట్ల మనుషుల్ని మొసళ్లకు వేశారు, ఏనుగుల కింద పడేశారు, అంతే. ఎవరికీ అంచు తడమాలని తోచలేదు. నువ్వు తడిమావు." అరుగుల వైపు చెయ్యి చాపాడు. "ఉలి గీత పట్టుబడుతుందని నువ్వే చెప్పావు. మైనంలో గియ్యాలి. ఏ రాజ్యానికి పోయే బుడ్డికి ఆ రాజ్యపు గుర్తు. ప్రతి రాజూ తన సొంత ఊరి వస్తువని మురిసి సంతకం పెడతాడు."

"గియ్యకపోతే?"

ధూమకంఠుడు వేలు ఎత్తాడు. కావలివాళ్లు సింగనను గుంటలోంచి లాగి, దవడలు పట్టుకుని నోరు తెరిపించారు. ఒకడు ఈక సిరాలో ముంచి నాలుకకు వెంట్రుకవాసి దూరాన పట్టుకున్నాడు. అప్పుడు మాచమ చుట్టూ పనిచేసేవాళ్ల నోళ్లలోకి చూసింది. తిత్తి ఊదే ఆడమనిషి ఆయాసానికి నోరు తెరిచింది. లోపల నాలుక ఉండాల్సిన చోట నల్లటి రాయి ఉంది. కాలవంక కంచర వీధి. పన్నెండేళ్లు.

"ఈ వరస పోత పూర్తయ్యేలోపు మొదటి గుర్తు గీసి చూపించు," అన్నాడు ధూమకంఠుడు. మైనపు బుడ్డి ఒకటి, సూది ఒకటి ఆమె పీట మీద పెట్టాడు.

పీట పక్కనే ఆ వరస. కాల్చిన అచ్చులు ఎనిమిది, నేలలో మెడదాకా పాతి, నోళ్లు పైకి పెట్టి ఉన్నాయి. కొలిమి మీద మూసలో ఇత్తడి కుతకుతలాడుతోంది. ఒక ముసలాయన గరిటెతో తీసి మొదటి అచ్చులో పోశాడు. పోస్తున్నంతసేపూ ధూమకంఠుడు ఆ అచ్చు నోటి మీదికి మొహం వంచి, దాదాపు ముద్దు పెట్టుకునేంత దగ్గరగా, ఏదో మంత్రం ఊదాడు. రెండో అచ్చు. మళ్లీ వంగాడు, ఊదాడు. ప్రతి పోతకూ అతడి ఊపిరి పడాలి కాబోలు. మూడో అచ్చు. నాలుగు.

మాచమ పీట మీద కూర్చుంది. మైనం చేతిలోకి తీసుకుని చేప తల గీయడం మొదలుపెట్టింది. ఒళ్లంతా బురదనీళ్లు కారుతున్నాయి. చీర మోకాళ్లకు అంటుకుపోయింది. కొంగు ముందుకు లాక్కుని, మైనం మీద నీళ్లు పడకుండా పక్కకు పెట్టి పిండుకుంది. తడిసిన మనిషి కొంగు పిండుకుంటే ఎవరికి అనుమానం? పిండిన నీళ్లు ధారగా ఆరో అచ్చు నోట్లో పడ్డాయి. ఇంకోసారి మడిచి పిండింది. మళ్లీ సూది అందుకుంది.

తడి అచ్చులో కరిగిన ఇత్తడి పోస్తే ఏమవుతుందో కంచర వీధిలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాచమ మేనమామ, ఒక్క చుక్క చెమట పడిన అచ్చు పేలి ఇత్తడి మొహాన చిమ్మితే, రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు.

సింగన చూశాడు. నోరు పట్టుకుని ఉన్నారు కాబట్టి మాట ముద్దగా వచ్చింది. "అన్నలూ, ఈ సిరా కంపు నాకు పడట్లేదు. వాంతి మీ మీదే అవుద్ది. అవతల నీడలో చంపుకోండి నన్ను." అంటూ కడుపులోంచి ఒక ఓకరింపు తీశాడు. కావలివాళ్లు మొహాలు తిప్పుకుని అతణ్ణి నాలుగడుగులు వెనక్కి ఈడ్చారు.

ఐదో అచ్చు నిండింది.

ముసలాయన ఆరోదాని దగ్గరికొచ్చి వంగాడు. అచ్చు నోట్లో తడి మెరిసింది. నలభై ఏళ్లు పోత పోసిన కళ్లకు ఆ మెరుపు ఏమిటో తెలుసు. తలెత్తి మాచమను చూశాడు. ఆమె సూది ఆగింది. ముసలాయన ఒక్క సైగ చేస్తే చాలు, అన్న నాలుక రాయి.

ముసలాయన తన చేతిలోని గరిటెను నెమ్మదిగా పక్కన పెట్టాడు. కొలిమి గోడకు ఆనించి ఉన్న పొడుగుకాడ గరిటె తెచ్చుకున్నాడు. తిత్తుల దగ్గరున్నవాళ్ల కేసి ఒకసారి చూశాడు. ఒకరి తర్వాత ఒకరు తిత్తులు వదిలేసి లేచి, అరుగుల వెనక్కి జరిగారు. మూసలో గరిటె నిండా ముంచి ఎత్తాడు.

"ఏం, గరిటె మార్చావు?" అన్నాడు ధూమకంఠుడు, అచ్చు మీదికి మొహం వంచుతూ.

నాలుక రాయైనవాడు జవాబు చెప్పలేడు. చేతులు చాపగలిగినంత దూరం చాపి, గరిటె వంచాడు.